ఉన్నదంతా అమ్మి బీదలకివ్వమన్న మాట అందరికీనా?

మీరడిగింది బైబిల్లో మార్కు సువార్త 10వ అధ్యాయం గురించి. యేసు ఆ ధనవంతుడితో ఉన్నదంతా అమ్మి బీదలకివ్వమన్నాడు కదా, మరి ఇల్లూ బ్యాంకులో డబ్బూ ఉన్న విశ్వాసులంతా ఆ మాట తప్పినట్టేనా, అసలు ఎంత ఇస్తే సరిపోతుంది అని.

ఆ మాట అందరికీ ఒకేలా చెప్పలేదు. పన్నులు వసూలుచేసే జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మిగతా సగం సంగతేంటని యేసు అడగలేదు. లూకా 8లో కొందరు స్త్రీలు తమ ఆస్తితోనే ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేశారు. పొలం అమ్మి, వచ్చినదాంట్లో కొంత దాచుకుని, అంతా ఇచ్చేసినట్టు చూపించిన అననీయతో కూడా యేసు శిష్యుడు పేతురు, పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ వశంలోనే ఉంది కదా అనే అన్నాడు. అతను దొరికిపోయింది అబద్ధం దగ్గర.

అలాగని హమ్మయ్య అనుకోకండి. ఆ ధనవంతుడు చిన్నప్పటినుంచీ ఆజ్ఞలన్నీ పాటించినవాడు. యేసు అతన్ని ప్రేమించాడని కూడా మార్కు రాశాడు. అంత మంచివాడూ ఆస్తి దగ్గరికొచ్చేసరికి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

మా సంఘంలో బీదల సహాయ నిధి లెక్కలు కొన్నేళ్ళుగా నేనే చూస్తున్నాను. జేబులోంచి డబ్బు తీయడానికి చాలామంది పెద్దగా ఇబ్బందిపడరు. ఇచ్చేశాక కూడా అది తమదేనన్న పట్టు మాత్రం ఓ పట్టాన వదలదు. ఒకాయన ఒక విధవరాలికి ఇంటి పైకప్పు బాగుచేయించుకోమని మంచి మొత్తమే ఇచ్చారు. ఆవిడ కప్పు వేయించుకుని, మిగిలినదాంతో కొడుక్కి ఫోన్ కొనిపెట్టింది. ఆరాధన అయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచి ఆ ఫోన్ ఏ కంపెనీదో, ఏ మోడలో కూడా చెప్పారు! ఆ తర్వాత ఆయన ఎదురైతే చాలు, కుర్రాడు ఫోన్ గబుక్కున జేబులో దాచేసేవాడు. అది చూశాక, సాయం అందుకునేవాళ్ళకి దాత పేరూ దాతకి వాళ్ళ పేరూ చెప్పడం మానేశాం. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ఉన్నది ఇద్దరి మేలుకీ అనిపిస్తుంది నాకు. కొందరు దాతలు ఇవ్వడం మానుకున్నారు, అది వేరే సంగతి.

ఇక ఎంత అన్నదానికి నాకు పనికొచ్చింది జాన్ వెస్లీ లెక్క. 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన ఆయన, కుర్రతనంలో ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 బీదలకిచ్చాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. ఖర్చు 28 దాటనివ్వలేదు, 32 ఇచ్చేశాడు. రాబడి 90 అయినప్పుడూ ఖర్చు అంతే. మనం ఇచ్చేది ఎంత శాతమో చూసుకుంటాం, ఆయన తన ఖర్చు ఎక్కడ ఆగాలో చూసుకున్నాడు. అప్పటికి పెళ్ళాం పిల్లలు లేని మనిషి లెక్క కాబట్టి మనకి ఉన్నదున్నట్టు కుదరదనుకోండి. మా ఇంట్లో మాత్రం జీతం పెరిగినప్పుడు, పెరిగినదాంట్లో కొంత ఇంటిఖర్చులో కలవకముందే పక్కన పెట్టేస్తాం. చేతికి అలవాటుపడని డబ్బు కాబట్టి వదలడం తేలిక.

దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, ఇస్తున్నాను, ఇక నాకేం బాకీ లేదనేవాళ్ళు మత్తయి 23:23 ఒకసారి చూడాలి. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగా చెల్లించి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్ళ గురించి అక్కడుంది.

ఇంకొకటి, వాక్యం విన్న ఊపులో ఇంట్లోవాళ్ళని అడక్కుండా ఇచ్చేయకండి. అమ్మానాన్నలకి అందాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవుడికి అర్పితం అని చెప్పి తప్పించుకున్నవాళ్ళని మార్కు 7లో యేసు గట్టిగానే తప్పుపట్టాడు. పెద్దవాళ్ళ మందుల ఖర్చు, ఎవరికైనా తీర్చాల్సిన అప్పు ఉంటే ముందు అవి చూడండి.