నచ్చినవాటి గురించి ఎలా రాయాలో అడిగావుగా

అమ్మాయ్,

నువ్వు పంపింది చదివాను. ఏటికొప్పాక లక్కబొమ్మలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, మధ్యలో తప్పెటగుళ్లు అనే మన జానపద నృత్యం, ఆ తర్వాత వసారాలో మొక్కలు... 'ఈ మధ్య నాకు నచ్చినవి' అంటే ఇలా కలగాపులగంగానే ఉండాలి, దాన్ని మార్చకు. రాయగలనా లేదా అని టెన్షన్ పడుతున్నట్టున్నావు, అక్కర్లేదు, వాక్యం నీ చేతికి వస్తోంది. నేను చెప్పాలనుకున్నది వేరే. ఇందులో ప్రతిదానికీ 'అద్భుతం', 'మనసుకు ప్రశాంతత', 'మన సంస్కృతికి ప్రతీక' అని తగిలించావు. అవి ఎవరైనా రాయగలరు, హైదరాబాద్ నుంచి కారులో వచ్చి నాలుగు ఫొటోలు తీసుకుని సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు కూడా. నువ్వు బడి గోడల మీద, గుడి గోడల మీద బొమ్మలేసి బతుకుతున్న మనిషివి. ఒక వస్తువు చూస్తే నీ కన్ను ఎక్కడ ఆగుతుందో, నీ చెయ్యి అందులో ఏం గుర్తుపడుతుందో అది రాయి. నచ్చింది అనే సంగతి చదివేవాళ్లకు దానంతటదే తెలిసిపోతుంది.

బొమ్మల సంగతే తీసుకో. 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిందనీ, సహజ రంగుల కోసం పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారనీ, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మల మీదేననీ మొదలుపెట్టావు. అన్నీ నిజాలే, ఉండాల్సినవే, కానీ ముందు బొమ్మను మా చేతిలో పెట్టు, అవార్డుల సంగతి తర్వాత చెబుదువుగాని. నువ్వు ఫోన్లో చెప్పావు చూడు, లేత్ మిషన్ మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి పట్టుకుంటారని, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుందని, తర్వాత మొగలి ఆకుతో అదిమి పడితే మెరుపు తేలుతుందని. కుంచె లేదు, ఆరేదాకా కాచుకుని కూర్చోవడం లేదు. రోజంతా కుంచె పట్టుకునే నీకు అది చూస్తుంటే ఎలా అనిపించింది? అదొక్కటే నీ రాతలో లేదు!

ఇంకో విషయం. కర్ర తిరుగుతుండగా పట్టే రంగు కాబట్టి చారలన్నీ చుట్టూ తిరిగే చారలే అవుతాయి, మిషన్ మీంచి దిగే ఆకారాలన్నీ గుండ్రంగానే ఉంటాయి. పిల్లలు ఆడుకునే లక్కపిడతలు, ఎడ్లబండి చక్రాలు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు అన్నీ ఆ గుండ్రంలోంచి పుట్టినవే, పక్కకి పొడుచుకొచ్చేది ఏది కావాలన్నా విడిగా చేసి అతకాలి. గోడ మీద ఎటు కావాలంటే అటు గీత లాగే దానివి నువ్వు. ఇంత కట్టడిలో ఉండి ఇన్ని రకాలు ఎలా చేశారా అని నీకు కలిగే ఆశ్చర్యం నాకు కలగదు, నాకు బొమ్మ వెయ్యడం రాదు కాబట్టి. అందుకే అది నువ్వే రాయాలి, ఆగి, తీరిగ్గా, ఒక పేజీ పట్టినా సరే.

'అన్నీ సహజ రంగులే' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు తీస్తారు, నిజమే. కానీ ఆ పేరుతో బజార్లో అమ్మే ప్రతి బొమ్మకూ అవే వాడారని నువ్వెలా చెప్పగలవు? నువ్వు కొన్న బొమ్మ చేసినాయన్ని అడుగు, ఆయన ఏం చెబితే అది రాయి. అలాగే 'అంతరించిపోతున్న కళ' అన్న వాక్యం కొట్టేశాను. నువ్వు వెళ్లినరోజు కూడా అక్కడ మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి కదా. కర్ర దొరకడం లేదనో, ధర గిట్టడం లేదనో వాళ్లు చెబితే వాళ్ల మాటల్లోనే రాయి. బతికున్న మనిషి ఎదురుగా నిలబడి సంతాప సభ పెట్టినట్టు ఉంటుంది లేకపోతే.

పాటల దగ్గరికొచ్చేసరికి నిజంగా కోపమొచ్చింది నాకు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో పుట్టారు, విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, నాయుడు గారు అక్కడ పాఠాలు చెప్పి 1936లో తానూ ప్రిన్సిపాల్ అయ్యారు. ఇంతవరకూ రాసి, చివర్లో 'ఆయన సంగీతం వింటే మైమరచిపోతాను' అని ముగించావు. మైమరచిపోతే గోడ మీద గీత సరిగ్గా ఎలా పడుతుందమ్మా? పని చేస్తూనే వింటావు కదా నువ్వు. ఫోన్ స్పీకర్ చిన్నదని దాన్ని ఖాళీ పెయింట్ బకెట్‌లో నిలబెడతానని, అప్పుడు శబ్దం బకెట్ అంతా నిండి బయటికొస్తుందని నువ్వే చెప్పావు. పెద్ద గోడకు ఒకే రంగు పూసేటప్పుడు తప్పెటగుళ్ల వీడియో పెట్టుకుంటానన్నావు, గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని కాళ్లకు గజ్జెలతో వాళ్లు ఊపందుకునే కొద్దీ నీ చెయ్యీ వేగం అందుకుంటుందన్నావు. సన్నగీత పనికి వయొలిన్ అన్నావు. దేవుడికి కళ్లు దిద్దేటప్పుడు మాత్రం ఏ పాటా వద్దు, ఫోన్ కట్టేస్తానన్నావు. అమ్మాయ్, నీ రాత మొత్తంలో ఉండాల్సింది ఇదే, ఇదే లేదు. ఎప్పుడు ఏది వింటావో, ఎప్పుడు ఏదీ వినవో అన్నది మరొకరు ఊహించి రాయలేరు.

నాయుడు గారి పాత రికార్డులు వినేటప్పుడు ఒకటి గమనించు. అప్పటి గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలే. కచేరీలో గంటసేపు సాగదీయగల మనిషి ఆ 3 నిమిషాల్లో రాగాన్ని ఎక్కడ ఎత్తుకున్నాడు, ఏది వదిలేశాడు, ఎక్కడ ఆపాడు అని విను. కిటికీకీ తలుపుకీ మధ్య మిగిలిన జానెడు గోడ మీద బొమ్మ వేయమంటే నువ్వు చేసే ఆలోచన అదేగా.

అన్నట్టు, నీ లిస్టులో సినిమా పాట ఒక్కటీ లేదు. నిజంగా వినవా, లేక రాస్తే బాగుండదని తీసేశావా? వింటే పెట్టు. పల్లెటూరి ఆర్టిస్ట్ అంటే జానపదాలే వినాలని ఎవరో అనుకుంటారని నీ ఇష్టాలను కత్తిరించుకోకు.

మొక్కల భాగం బాగుంది, నిజంగా. పాత పెయింట్ డబ్బాలకు అడుగున మేకుతో చిల్లులు కొట్టి మట్టి పోశానన్న వాక్యం, డబ్బా మీద కారి ఎండిపోయిన రంగులు అలాగే ఉంచేశానన్న వాక్యం, వీటిలో నువ్వు కనిపించావు. ఒక్కటి మాత్రం తీసెయ్, స్నేక్ ప్లాంట్ గదిలో గాలిని శుద్ధి చేస్తుందని 'నాసా చెప్పింది' అన్నది. 1989లో నాసా చేసిన ప్రయోగాలు గాలి చొరబడని పెట్టెల్లో జరిగాయి, తలుపులూ కిటికీలూ తెరిచి ఉండే మన ఇంట్లో ఆ లెక్క పనిచెయ్యదు, గాలిలో తేడా తెలియాలంటే ఇల్లంతా మొక్కలతో కిక్కిరిసిపోవాలి. వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు దించకు. ఆ మొక్క గురించి చెప్పడానికి దానికన్నా మంచి సంగతి నీ దగ్గరే ఉంది. ఆకు అంచున పసుపు గీత ఉన్న రకాన్ని ముక్కలుగా కోసి గుచ్చితే వచ్చిన పిలకలన్నీ ఉత్త ఆకుపచ్చవే అయ్యాయని దిగులుపడ్డావు కదా. ఆకు ముక్క నుంచి పెంచితే ఆ పసుపు అంచు రాదు, అది కావాలంటే దుంప దగ్గర పిలకను విడదీసి నాటాలి. రంగులతో పనిచేసే మనిషి ఒక గీత కోసం మొక్కను పెంచుకుందని, ఆ గీతే రాలేదని రాస్తే ఎవరైనా చదువుతారు.

రణపాల ఆకు గురించి రెండే లైన్లు రాశావు. తెంపి మట్టి మీద పడేస్తే చాలు, ఆకు అంచు నొక్కుల్లోంచి వరసగా బుల్లి మొక్కలు, వేళ్లతో సహా. దాన్ని దగ్గరగా చూసి, వీలైతే ఓ బొమ్మ వేసి, అప్పుడు రాయి. మనీప్లాంట్ గురించి అందరికీ తెలుసు, దాన్ని కుదించు. కడియం నర్సరీ మొక్కలని బండి మీద వీధిలోకి తెచ్చి అమ్మే అతనితో బేరమాడిన ముచ్చట ఉంచు, ఎంతకిచ్చాడో కూడా రాయి. ధరలు రాయడానికి మొహమాటపడకు, బొమ్మల దగ్గర కూడా.

పైన నెల, సంవత్సరం వెయ్యి. వచ్చే ఏడాదికి నీకు వేరేవి నచ్చుతాయి, అప్పుడు ఇంకోటి రాసుకుంటావు. ముందు బొమ్మల భాగం తిరగరాసి పంపు, ఆ బొమ్మ చేసినాయన్ని రంగుల గురించి అడిగాకే సుమా. పాటల భాగానికి తొందర లేదు, ఆ గుడి గోడ పని అయ్యాక రాద్దువుగాని. అచ్చుతప్పులు నేను చూసుకుంటాను.

ఆశీస్సులతో,
అత్తయ్య