స్క్రీన్ నల్లబడితే ఏం చేస్తావో ముందే రాసుకో

తెనాలి,
ఆదివారం

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన సంగతే బుర్రలో తిరుగుతోంది. ల్యాబ్‌లో 30 మెషీన్లు, మూడు రకాల మానిటర్లు, ఒక్కోదాంట్లో అక్షరాలు ఒక్కో సైజు. ఒక్కో కుర్చీలో కూర్చుని స్క్రీన్ రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలు) మార్చే ఓపిక లేక, ఆ పని తానే చేసే కమాండ్ల ఫైల్, అంటే స్క్రిప్ట్, రాస్తానన్నావు. రాయి, మంచిదే. అయితే ముందు, ఏ మెషీన్లో ఏముందో చూసి చెప్పే స్క్రిప్ట్ రాయి. మార్చేది ఆ తర్వాత. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నా కథ వింటే నీకే తెలుస్తుంది.

నేను ల్యాబ్ చూసుకునే రోజుల్లో ఎక్కువ మెషీన్లకు 17 అంగుళాల ఎల్‌సీడీలు ఉండేవి. వాటి అసలు రిజల్యూషన్ 1280×1024. ప్రాక్టికల్స్ ముందు రోజు సాయంత్రం అన్నిటికీ అదే పెడుతూ రెండు లైన్ల స్క్రిప్ట్ రాసి, లాగిన్ అవగానే నడిచేట్టు పెట్టి ఇంటికి పోయాను. ఆఖరి వరసలో ఉన్న 15 అంగుళాల పాత మానిటర్లు ఆరు, 1024×768వి, నాకు గుర్తే రాలేదు. తెల్లారి ఎగ్జామినర్ వచ్చి కూర్చునేసరికి ఆ ఆరు స్క్రీన్ల మీదా 'అవుట్ ఆఫ్ రేంజ్' అనే చిన్న డబ్బా అటూ ఇటూ తిరుగుతోంది. సరిచేద్దామంటే ఏమీ కనిపించదు కదా! గుడ్డిగా కీబోర్డ్ కొడుతూ ఆ గంటసేపు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇక నీ సంగతి. మెషీన్లలో ఉన్నది ఉబుంటు 22.04 అన్నావు, లినక్స్‌లో ఒక రకం. అందులో మామూలుగా లాగిన్ అయితే వేలాండ్ సెషన్‌లోకి వెళ్తావు, స్క్రీన్ మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి అది. అక్కడ రిజల్యూషన్ చూసి మార్చే ఎక్స్‌ర్యాండర్ కమాండ్ కొడితే జవాబు వస్తుంది గానీ, స్క్రీన్ పేరు ఎక్స్‌వేలాండ్ అని చూపిస్తుంది. మార్చమంటే అసలు స్క్రీన్ మారదు. పాస్‌వర్డ్ కొట్టేముందు కింద కుడివైపు పళ్లచక్రం బొమ్మ నొక్కి 'ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్' ఎంచుకో, ఎక్స్‌ర్యాండర్ మాట వినేది ఆ పాత పద్ధతే. ఇది తెలియక తలలు పట్టుకున్న వాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) ఉత్త ఎక్స్‌ర్యాండర్ అని కొట్టు. ఏ పోర్టుకి మానిటర్ తగిలించి ఉందో, అది ఏయే మోడ్‌లు (రిజల్యూషన్, సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారాలో చెప్పే రేటు) ఒప్పుకుంటుందో వరసగా వస్తాయి. నక్షత్రం గుర్తు ఉన్నది ఇప్పుడు నడుస్తున్న మోడ్. ప్లస్ గుర్తు ఉన్నది మానిటర్ తనకు ఇష్టమని చెప్పుకున్నది. రెండూ ఒకే చోట ఉంటే ఆ మెషీన్‌ని ముట్టుకోకు. నీ మొదటి స్క్రిప్ట్ ఈ రెంటినీ, మెషీన్ పేరునీ ఒక ఫైల్లో రాస్తే చాలు. ముప్పై లైన్లు చేతిలో ఉంటే సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

ఆ లిస్టులోంచి మాటలు ఏరుకునేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. మానిటర్ తగిలించిన పోర్టు కోసం 'కనెక్టెడ్' అన్న మాట వెతుకుతావు. 'డిస్‌కనెక్టెడ్'లో కూడా ఆ మాట ఉంది! ఖాళీ పోర్టులన్నీ వచ్చి పడతాయి. మాటకు ముందు ఒక ఖాళీ పెట్టి వెతుకు. రెండోది, ముఖ్యమైన స్క్రీన్ ఉన్న లైన్లో మధ్యన 'ప్రైమరీ' అనే మాట అదనంగా దూరుతుంది. మూడో మాటే రిజల్యూషన్ అని లెక్కపెట్టుకుంటే నీకు దక్కేది 'ప్రైమరీ'. నక్షత్రం ఉన్న లైన్ పట్టుకుని అందులో మొదటి మాట తీసుకోవడం తేలిక. పోర్టు పేరు మాత్రం స్క్రిప్ట్‌లో చేత్తో రాసి పెట్టొద్దు. గ్రాఫిక్స్ డ్రైవర్ మారితే ఒక మెషీన్లో హెచ్‌డీఎమ్‌ఐ-1 అనేది ఇంకోదాంట్లో హెచ్‌డీఎమ్‌ఐ-ఏ-0 అవుతుంది.

లిస్టు చూస్తుంటే ఏదో ఒక పెద్ద మానిటర్ 1024×768 దగ్గరే ఆగిపోయి కనిపిస్తుంది, చూస్తూ ఉండు. అక్కడ స్క్రిప్ట్ పనికిరాదు, కేబుల్ మార్చు. మానిటర్ తన వివరాలను ఈడీఐడీ అనే, కనీసం 128 బైట్ల చీటీలో కంప్యూటర్‌కి అందిస్తుంది. చవక వీజీఏ కేబుళ్లలో ఆ చీటీ మోసే పిన్నులు కొన్నిసార్లు ఉండవు. చీటీ అందకపోతే కంప్యూటర్ ప్రమాదం లేని చిన్న సైజులకే పరిమితం అవుతుంది. కేబుల్ దొరక్కపోతే సీవీటీ అనే కమాండ్‌తో కొత్త మోడ్ లెక్క తీసి చేర్చొచ్చు. 1366 అడిగితే అది 1368 ఇస్తుంది, కంగారు పడకు. వెడల్పును 8తో భాగించగలిగేట్టు సవరించుకోవడం దాని అలవాటు.

ఇప్పుడు మార్చే స్క్రిప్ట్. ఎక్స్‌ర్యాండర్‌కి అవుట్‌పుట్ (పోర్టు) పేరు, మోడ్, రేటు ఇస్తే పని అయిపోతుంది, అది ఒక్క లైను. నేను అడిగేది దాని చుట్టూ ఉండాల్సిన లైన్ల గురించి. నువ్వు అడిగే మోడ్ లిస్టులో ఉందో లేదో ముందు చూడాలి, లేకపోతే ఏమీ చెయ్యకుండా బయటికి రావాలి. పాత మోడ్‌నీ రేటునీ వేరియబుల్స్‌లో దాచుకోవాలి. మార్చిన వెంటనే 'బాగుందా? ఎంటర్ నొక్కండి' అని అడిగి 15 సెకన్లు ఆగాలి. బ్యాష్‌లో (స్క్రిప్ట్ రాసే కమాండ్ల భాష) రీడ్ కమాండ్‌కి హైఫన్ టీ 15 అని ఇస్తే అదే ఆగుతుంది. ఎంటర్ పడకపోతే పాత మోడ్‌కి తిరిగి రావాలి. స్క్రీన్ నల్లబడితే మనిషి ఎంటర్ నొక్కడు, చేతులు కట్టుకుని కూర్చున్నా పావు నిమిషంలో పాత స్క్రీన్ వచ్చేస్తుంది. నాకు ఆ రోజు లేనిది ఈ నాలుగు లైన్లే.

అయినా మొండికేస్తే పక్క మెషీన్‌లోంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (ఒక మెషీన్‌లో కూర్చుని ఇంకోదాంట్లో కమాండ్లు కొట్టే దారి), అక్కడ లాగిన్ అయి ఉన్న యూజర్ పేరుతోనే లోపలికి వెళ్లు. ఎక్స్‌ర్యాండర్ కొడితే 'డిస్‌ప్లే తెరవలేను' అంటుంది. ఏ స్క్రీన్‌తో మాట్లాడాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్‌కి కోలన్ సున్నా ఇచ్చి చూడు, కొన్ని మెషీన్లలో కోలన్ ఒకటి అవుతుంది. తర్వాత ఆ పోర్టుకి 'ఆటో' అని చెబితే మానిటర్ ఇష్టపడే మోడ్‌కి వస్తుంది. ఇది ఒక కాగితం మీద రాసి నీ టేబుల్ అద్దం కింద పెట్టు. కంప్యూటర్లో దాచుకున్నావంటే అవసరమైనప్పుడు ఆ కంప్యూటరే కనిపించదు.

మూడు రకాల మానిటర్లలో ఒక్కోటి చొప్పున ముందు చేత్తో నడిపి చూడు. లాగౌట్ అయితే మార్పు పోతుంది కాబట్టి ఈ దశలో భయం లేదు. వారం నిలిచాకే స్టార్టప్ అప్లికేషన్స్‌లో పెట్టు. అందులో పెట్టే కాపీకి ఎంటర్ అడగడం కుదరదు గనక, లిస్టులో మోడ్ ఉందా లేదా అని చూసే లైన్లు మాత్రం తీసెయ్యకు. ప్రాక్టికల్స్ వారంలో దేన్నీ ముట్టుకోవద్దు, ఎవరు అడిగినా సరే.

అడుగుతారు కూడా. 'అక్షరాలు చిన్నగా ఉన్నాయమ్మా, రిజల్యూషన్ తగ్గించు' అని ఏ సీనియర్ మేడమో తప్పకుండా అంటుంది. ఒప్పుకోకు. ఎల్‌సీడీకి చుక్కలు లెక్క ప్రకారం బిగించి ఉంటాయి, 1920×1080 అంటే 20,73,600. దాని మీద 1024×768 చూపిస్తే అడ్డంగా ఒక చుక్కని 1.875 చుక్కల మీద పరచాలి, అందుకే అక్షరం మసకబారుతుంది, గుండ్రం కోడిగుడ్డు అవుతుంది. ఆవిడకి ఫాంటు పెద్దది చేసి ఇవ్వు, కళ్లజోడు తుడుచుకునే బాధ కూడా తప్పుతుంది.

ఆఫీసులో ఉన్న విండోస్ మెషీన్ సంగతి అడిగావు కదా. సెట్టింగ్స్‌లో మారిస్తే అది తానే 15 సెకన్లు ఆగి వెనక్కి వస్తుంది. స్క్రిప్ట్‌తో మారిస్తే ఆ కాపలా ఉండదు, నువ్వే పెట్టుకోవాలి. ఇంకోటి, స్కేలింగ్ (అక్షరాలూ బొమ్మలూ పెద్దవి చేసే సెట్టింగ్) 125 శాతం ఉంటే కొన్ని స్క్రిప్ట్‌లు 1920×1080ని 1536×864 అని చెబుతాయి. మానిటర్ పాడైందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టకు.

లిస్టు తయారవగానే నాకు పంపు. అక్కయ్యకి మోకాలు ఎలా ఉందో కూడా రాయి, ఫోన్‌లో అడిగితే ఎప్పుడూ బాగుందనే అంటుంది.

మీ మామయ్య