సైటన్‌లో ఎనిమిది ఛానెళ్లూ "రైల్డ్" అంటుంటే: తప్పు చెవి క్లిప్పుల దగ్గరుంది

సైటన్ (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు సిగ్నల్ కొలిచే బోర్డు) ఎనిమిది ఛానెళ్లనీ "రైల్డ్" అని, అంటే సిగ్నల్ కొలత హద్దు దాటిపోయిందని, చూపిస్తోందంటూ మీరు పెట్టిన ఫొటో చూశాను. బోర్డు బాగానే ఉందండీ, భయపడకండి. తల మీది ఎలక్ట్రోడ్ల తీగలు బోర్డు కింది వరస పిన్నుల్లో సరిగ్గానే ఉన్నాయి. కానీ రెండు చెవి క్లిప్పులూ బయాస్ పిన్నుల్లోనే దూర్చారు, ఎస్ఆర్‌బీ (రిఫరెన్స్ పిన్ను) ఖాళీగా ఉంది. ప్రతి ఛానెల్‌నీ ఎస్ఆర్‌బీ2తో, అంటే కింది వరస ఎస్ఆర్‌బీతో, పోల్చే కొలుస్తుంది ఈ బోర్డు. అది గాల్లో వేలాడితే ఎనిమిదీ ఒకేసారి పోతాయి. ఒక్క ఛానెలే పోయుంటే ఆ ఎలక్ట్రోడ్‌నే అనుమానించేవాణ్ణి.

ఒక చెవి క్లిప్పు కింది వరస ఎస్ఆర్‌బీకి, రెండోది కింది బయాస్‌కి మార్చండి. బయాస్ అంటే గ్రౌండ్ కాదు. ఒంటి మీదకొచ్చే కరెంటు రొదను తిప్పి ఒంట్లోకే పంపి తగ్గించే తీగ అది. అది సరిగ్గా అంటుకోకపోతే మన ఇంటి కరెంటు వల్ల గ్రాఫులో లేచే 50 హెర్ట్జ్ పీక్ పోదు. గుండె, కండరాల సిగ్నల్ తీసేటప్పుడు మాత్రం పద్ధతి వేరు: ఒకే ఛానెల్ పై పిన్ను, కింది పిన్ను రెండూ వాడి, సెట్టింగుల్లో ఎస్ఆర్‌బీ2 ఆపేయాలి.

బోర్డును బ్యాటరీ మీదే నడపండి, లాప్‌టాప్ చార్జర్ కూడా పీకేయండి. ఇంకోటి, తలకు కొబ్బరినూనె రాసుకుని కూర్చోకండి. మా అబ్బాయికి పెట్టినప్పుడు గంటసేపు తీగలే మార్చాను, చివరికి తలస్నానం చేయిస్తే కుదిరింది. కొత్త తీగలు కావాలంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చూడండి.

మార్చాక ఓ1, ఓ2 (తల వెనక భాగం ఎలక్ట్రోడ్లు) సిగ్నల్ మీరు చూస్తూ, ఎలక్ట్రోడ్లు పెట్టుకున్నవాళ్లని కళ్లు మూసుకోమనండి. 10 హెర్ట్జ్ చుట్టుపక్కల ఆల్ఫా (కళ్లు మూసుకుంటే పెరిగే మెదడు అలలు) లేస్తే వైరింగ్ కుదిరినట్టే. లేవకపోతే ఇంకో ఫొటో పెట్టండి, పిన్నులు స్పష్టంగా కనపడేలా.