స్నేహితుల షార్ట్ ఫిల్మ్ కోసం జమ్మలమడుగు దాకా

సినిమా పని ఏమాత్రం తెలియనివారు స్నేహితుల షార్ట్ ఫిల్మ్ షూటింగుకు వెళితే సాయపడగలరా, అడ్డమే అవుతారా అని అడిగారు. సందేహించకుండా వెళ్లండి. నేను వెళ్లాను. రెండున్నర రోజుల్లో ఖాళీగా కూర్చున్న గడియ లేదు.

మేము ఏడుగురం. కెమెరా అద్దెది, కారు నాది. ఊరు వదిలి కొడుకు దగ్గరికి వెళ్లనని పట్టుబట్టే ఒక ముసలమ్మ కథ. హైదరాబాదు నుంచి కర్నూలు, నంద్యాల, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగుకు సుమారు 380 కిలోమీటర్లు. ఒక రాత్రి లాడ్జి అద్దె మిగులుతుందని రాత్రి 10 గంటలకు బయలుదేరాము. అది తప్పు. కర్నూలు దాకా ఇబ్బంది లేదు కానీ, నంద్యాల దాటాక వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు ఎదురయ్యాయి, నాకేమో కళ్లు మూతలు పడుతున్నాయి. పెట్రోలు బంకు దగ్గర ఆపి గంటన్నర పడుకున్నాను. చేరేసరికి బాగా పొద్దెక్కింది. తీయాలనుకున్న ఉదయపు వెలుగు ఆ రోజుకు పోయింది. మీరు మాత్రం ముందు రోజు పగలే బయలుదేరండి.

మొదట జమ్మలమడుగు దగ్గరి గండికోటలో తీయాలనుకున్నారు. పెన్నా లోయ అంచున నిలబడితే ఎవరికైనా కెమెరా తీయాలనిపిస్తుంది. అయితే కోటలోని మాధవరాయస్వామి ఆలయం, జామియా మసీదు వంటి కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఫోనుతో ఫొటోలు తీసుకోవడం వేరు, స్టాండు వేసి షూటింగు చేయడం వేరు. దానికి ముందే అనుమతి ఉండాలి. మావాళ్లు అర్జీ పెట్టలేదు. అందుకని మైలవరం జలాశయం దగ్గరి ఒక పల్లెకు మారాము. అక్కడొక ఇల్లు, నాపరాళ్లు నిలబెట్టి కట్టిన దొడ్డి, దాని వెనుక నల్లరేగడిలో శనగ చేను. ఆ ముసలమ్మ కథకు కోటకన్నా ఆ ఇల్లే నప్పిందని ఇప్పటికీ నా నమ్మకం.

నాకు అప్పగించిన పని థర్మాకోల్ షీటు పట్టుకోవడం. ఎండ ఒక పక్క నుంచి పడితే ముఖంలో రెండో సగం నల్లబడిపోతుంది. తెల్లటి షీటును ఆ పక్కన పట్టుకుంటే వెలుగు తిరిగి ముఖం మీదికి వస్తుంది. ముసలమ్మగా వేసినావిడ ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నాటకాల నటి. షీటును జానెడు వంచానో లేదో, ఆమె కంటి కింది నీడ పలచబడి, కనుపాపలో చిన్న తెల్లచుక్క మెరిసింది. షీటు గాలికి వణికితే ముఖం మీది వెలుగూ వణుకుతుంది. అందుకే కింది అంచును మోకాలితో అదిమి, ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి.

ఆ గాలే మాటలనూ చెడగొట్టింది. మైకు మీద వేసే బొచ్చు తొడుగును హైదరాబాదులో మరిచిపోయాము. సాయంత్రం కారును వేపచెట్టు కింద పెట్టి, అద్దాలు ఎత్తేసి, దుప్పట్లు పరిచి, ఆమెను వెనుక సీట్లో కూర్చోబెట్టి సంభాషణలన్నీ మళ్లీ చెప్పించాము. మెత్తటి సీట్లు, దుప్పట్లు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి కాబట్టి కారులో గొంతు శుభ్రంగా పలుకుతుంది. ఏసీ మాత్రం వేయకూడదు. చెమటలు కారిపోతున్నా ఆమె విసుక్కోలేదు. “నేను రాను నాయనా, నన్ను ఇక్కడే ఉండనీ” అన్న మాటను నాలుగు సార్లు, నాలుగు రకాలుగా చెప్పింది. ముందు సీట్లో మైకు పట్టుకున్న నా చేయి వణకకుండా ఆపుకోవడం కష్టమైంది.

మిగతా పనులూ మీకు దొరుకుతాయి. పొద్దున్నే వగ్గాణి (బొరుగుల ఉప్మా), బజ్జీలు తేవడం, నీళ్ల క్యాను నింపించడం, ఎవరింట్లోనైనా అడిగి బ్యాటరీలు ఛార్జింగు పెట్టడం. కెమెరా కార్డులోనివి రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి. రాత్రి అందరూ అలసిపోయి ఉంటారు, ఆ బాధ్యత మీరు తీసుకోండి. దర్శకుడిని అడిగి మీ పని ఏదో ముందే తేల్చుకోండి. షాటు బాగుందా లేదా అన్న అభిప్రాయం మాత్రం అతను అడిగితేనే చెప్పండి.

మూడో రోజు మధ్యాహ్నం షూటింగు ముగించి గుమ్మడికాయ కొట్టాము. ఆ కాయ తెచ్చి ఇచ్చింది ఆ ఇంటాయనే. ఈసారి పగటిపూటే బయలుదేరాము. ఆ కారులోనే, అద్దాలు ఎత్తుకుని, రికార్డు చేసిన ఆ నటి గొంతు వింటూ కర్నూలు దాకా వచ్చాము.