గేరు బటన్ ఎక్కడ బిగుసుకుంది? - ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

బ్యాటరీ డ్రిల్‌లో గేరు, అంటే డ్రిల్ పైనుండే 1, 2 అంకెల వేగం బటన్, గట్టిగా పడటం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విషయం మంచిది ఎంచుకున్నావు. కార్పెంటర్లకీ, ఫాల్స్ సీలింగ్ పనివాళ్లకీ, ఇంట్లో చిన్నాచితకా పనులు తామే చేసుకునేవాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బందే ఇది. తెలుగులో దీని మీద పనికొచ్చే వ్యాసం ఒకటి ఉండాలని నాకూ ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

"గేరు బటన్ బిగుసుకుంటే డ్రిల్ విప్పి, శుభ్రం చేసి, కొద్దిగా గ్రీజు రాయండి" అని రాశావు. ఈ వాక్యం చదివిన మనిషి వెంటనే స్క్రూడ్రైవర్ తీస్తాడు. గట్టిగా పడే గేర్లలో చాలావాటికి విప్పే పనే ఉండదు. విప్పినవాటిలో కొన్ని మళ్లీ సరిగ్గా కూర్చోవు. మన వాక్యం పాఠకుడి చేత ఏం చేయిస్తుందో రాసేటప్పుడే ఊహించాలి. ఇక్కడ నువ్వు మొదట రాయాల్సింది మందు కాదు, ప్రశ్న: బటన్ ఎక్కడ గట్టిగా ఉంది? జరిపే దారి పొడవునా గట్టిగా ఉందా, చివర్లో మాత్రమే ఆగుతోందా, 1 నుంచి 2కి సాఫీగా వెళ్లి వెనక్కి రానంటోందా? బొటనవేలికి తెలిసే ఈ మూడు తేడాల వెనక మూడు వేర్వేరు కారణాలున్నాయి.

అది చెప్పాలంటే లోపల ఏం జరుగుతుందో ముందు నీకు స్పష్టంగా తెలియాలి. 18 వోల్టుల డ్రిల్‌లో మోటారు నిమిషానికి ఇరవై వేల చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ఆ వేగాన్ని ప్లానెటరీ గేర్ల (నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక) వరుసలు, మామూలుగా మూడు, ఒకదాని తర్వాత ఒకటి తగ్గిస్తాయి. బటన్ కదిపేది వీటిలో మధ్య వరుస చుట్టూ ఉండే రింగు గేరుని. రింగు ఒకవైపు జరిగితే దాని బయటి పళ్లు గేరుపెట్టె గోడకున్న పళ్లలో చిక్కుకుని తిరగకుండా నిలబడతాయి. అప్పుడు ఆ వరుస వేగాన్ని తగ్గిస్తుంది. ఇదే 1వ గేరు. రెండో వైపు జరిగితే గోడను వదిలేసి, మొదటి వరుస చిన్న గేర్లను మోసే పళ్లెం, అంటే క్యారియర్, పళ్లను పట్టుకుంటుంది. అప్పుడు మధ్య వరుస మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది, వేగం అక్కడ తగ్గదు. ఇదే 2వ గేరు. డ్రిల్ మీద నిమిషానికి 500, 1,700 చుట్లు అని రాసి ఉంటే ఆ 3.4 రెట్ల తేడా అంతా ఈ ఒక్క వరుసదే. ఈ మాట వ్యాసంలో తప్పక పెట్టు. బటన్ నొక్కితే ఎక్కడో వేగం మారిపోతుందనుకునే పాఠకుడికి, తన వేలు ఒక ఇనుప రింగును పక్కకు తోస్తోందని తెలిస్తే మిగతా వ్యాసం దానంతట అదే అర్థమవుతుంది.

ఇక చివర్లో ఆగిపోయే రకం. రెండు దువ్వెనల పళ్లు ఎదురెదురుగా పెట్టి నొక్కితే మొనకు మొన తగిలి ఆగినట్టు, రింగు పళ్లు ఎదుటి పళ్ల మొనల మీద ఆగాయన్నమాట. ఇది లోపమే కాదు. ట్రిగ్గర్‌ను ఒక్కసారి చిటుక్కున నొక్కి వదిలి, చక్ (రంధ్రం వేసే బిట్‌ను పట్టుకునే ముందు భాగం) పూర్తిగా ఆగాక బటన్ జరిపితే గేరు పడిపోతుంది. నువ్వు "చక్‌ను చేత్తో కొంచెం తిప్పండి" అన్నావు. పాత రకం డ్రిళ్లకు అది సరే. ఇప్పుడు బిట్ బిగించడానికి తిప్పే గొట్టం (స్లీవు) ఒక్కటే ఉన్న చక్‌లతో వచ్చే డ్రిళ్లలో చక్ ఇరుసును చేతికి తిరగకుండా పట్టేసే స్పిండిల్ లాక్ ఉంటుంది. వాటిలో చక్ చేత్తో కాస్త కదిలి ఆగిపోతుంది, లోపలి గేర్లు కదలవు. పాఠకుడు ఎంత తిప్పినా ఫలితం ఉండదు, నీ మాట మీద నమ్మకం పోతుంది. రెండు రకాలనీ విడదీసి రాయి.

ఇంకో రకం ఉంది. బిట్ గోడలోనో చెక్కలోనో ఇరుక్కుని డ్రిల్ ఆగిపోతుంది. పనివాడు గేరు తగ్గిద్దామని బటన్ లాగుతాడు, అది రాదు. ఇరుక్కున్న బిట్ వల్ల పళ్లు ఒకదానినొకటి పక్కనుంచి ఒత్తుకుని ఉంటాయి, ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ రింగు జారదు. రివర్స్‌లో క్షణం పాటు తిప్పి బిట్‌ను వదులు చేస్తే బటన్ మామూలుగా జరుగుతుంది. సుత్తితోనో స్క్రూడ్రైవర్ పిడితోనో బటన్‌ను కొట్టే అలవాటు ఇక్కడే మొదలవుతుంది. విరిగేది బటన్ కింది ప్లాస్టిక్ చెవి. అది విరిగాక లోపల అంతా బాగున్నా గేరు మారదు.

తిరుగుతుండగా గేరు మార్చకూడదని నువ్వు రాశావు, కారణం రాయలేదు. కారణం లేని హెచ్చరికను ఎవరూ లెక్కచేయరు. 1వ గేరులో రింగు కదలకుండా ఉంటుంది. అది పట్టుకోవాల్సిన క్యారియర్ మాత్రం నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఆ క్షణంలో రింగును తోస్తే పళ్ల మూలలు గీసుకుని గుండ్రమవుతాయి, గరగరమని శబ్దం వస్తుంది. గుండ్రమైన పన్ను మొదట గట్టిగా పడుతుంది, తర్వాత పడినా నిలబడదు: బరువు పడగానే బటన్ దానంతట అదే వెనక్కి వస్తుంది. ఇక్కడ ఒక పరీక్ష చేర్చు. పనిలో టకటకమని శబ్దం వస్తే క్లచ్ రింగును (చక్ వెనక అంకెలుండేది, బలం హద్దు దాటితే పట్టు వదిలే క్లచ్‌ను సర్దేది) డ్రిల్ గుర్తు దగ్గర పెట్టి చూడమను. శబ్దం ఆగిపోతే అది క్లచ్ తన పని తాను చేయడమే. అక్కడ కూడా వస్తుంటే అప్పుడు గేరు పళ్లను అనుమానించాలి. ఈ రెండింటినీ కలిపేసి మంచి గేరుపెట్టెలు మార్చేసేవాళ్లున్నారు.

ఒకవైపే మొరాయించే బటన్ గురించి నీ వ్యాసంలో అసలు లేదు. 2 నుంచి 1కి రాకపోతే గోడ పళ్లు, 1 నుంచి 2కి వెళ్లకపోతే క్యారియర్ పళ్లు చూడాలి. ఇంత చిన్న మాట ఒక మెకానిక్‌కు అరగంట మిగులుస్తుంది.

దారి పొడవునా గట్టిగా ఉన్న రకానికే నువ్వు చెప్పిన మందు పనికొస్తుంది, అదీ కారణం తెలిశాక. తలకు పైన రంధ్రాలు వేసేవాళ్ల డ్రిళ్లలో సిమెంటు, జిప్సం పొడి నేరుగా బటన్ పక్క సందులో పడుతుంది. గ్రీజుతో కలిసి మెత్తని రాపిడి ముద్ద అవుతుంది. బ్యాటరీ తీసి, బ్రష్‌తో సందును తుడిచి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని తక్కువ ఒత్తిడి గాలి వదలాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను నేరుగా పెడితే పైనున్న పొడి లోపలి గేర్లలోకి పోతుంది. చలి దేశాల్లో ఉండే మనవాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక వాక్యం వాళ్ల కోసం రాయి: శీతకాలంలో గరాజ్‌లో ఉంచిన డ్రిల్‌లో గ్రీజు గట్టిపడుతుంది. ఇంట్లోకి తెచ్చి వెచ్చబడనిచ్చి, 1వ గేరులో బరువు లేకుండా ఒక నిమిషం తిప్పితే వదులవుతుంది, విప్పక్కర్లేదు.

స్ప్రే సంగతి. డబ్ల్యూడీ-40 లాంటివి సందులో కొట్టమని చాలామంది చెబుతారు, నువ్వూ ఆ మాటే ఎత్తుకున్నావు. తీసేయి. అది లోపలి గ్రీజును పలచన చేసి కరిగిస్తుంది. బటన్ ఒక వారం హాయిగా జరుగుతుంది, గేర్లు మాత్రం ఎండిపోతాయి. పెట్రోలు, థిన్నర్ బయటి ప్లాస్టిక్‌నీ పట్టు కోసం వేసిన రబ్బరునీ పాడు చేస్తాయి.

విప్పడం గురించి రాసేటప్పుడు వరుస నీకు ప్రాణం కావాలి. "స్ప్రింగులు ఎగిరిపోకుండా చూసుకోండి" అని విప్పడం అయిపోయాక రాశావు, అప్పటికి అవి మంచం కిందకు చేరి ఉంటాయి. హెచ్చరిక ఎప్పుడూ చెయ్యి కదలకముందే రావాలి. అన్నిటికంటే ముందు వారంటీ మాట: గడువులో ఉంటే విప్పొద్దు, సర్వీసు సెంటరుకు ఇవ్వాలి. తర్వాత బ్యాటరీ తీయడం. తర్వాత బిట్ తీయడం. అంచులున్న పళ్లెంలో తెల్లగుడ్డ పరిచి దాని మీదే పని చేయాలి. చాలా బ్రాండ్లలో స్క్రూలు టార్క్స్ టీ10, అంటే తలలో నక్షత్రం ఆకారం గాడి ఉన్నవి. సరైన బిట్ లేకుండా తిప్పితే తలలు అరిగి అక్కడే కథ ముగుస్తుంది. డ్రిల్‌ను స్క్రూ తలలు పైకి కనబడేలా పడుకోబెట్టి, పై చిప్పను (బయటి ప్లాస్టిక్ తొడుగులో పై సగాన్ని) మాత్రం మెల్లగా ఎత్తాలి. చక్ తీయాల్సిన అవసరం ఇక్కడ లేదు, గేరుపెట్టెతో పాటే పైకి వస్తుంది. గేరుపెట్టెనే విడదీయాల్సి వస్తే చక్ లోపల స్క్రూ ఉందేమో చూడాలి. అది ఎడమ మర కాబట్టి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

చిప్ప తెరిచాక ఏమీ ముట్టుకోకముందే ఫోటో తీయమను. వైర్ల దారి, బటన్ స్లైడర్ (బటన్‌తో పాటు జారే ముక్క), దాన్ని రింగుకు కలిపే సన్నని ఉక్కు తీగ, ఈ మూడూ ఒకే ఫోటోలో కనబడాలి. నువ్వు పంపిన ఫోటోలు పైనుంచి తీసినవి, వాటిలో తీగ కనబడటం లేదు. పక్కనుంచి తీసినవి కావాలి, ఎందుకంటే ఈ వ్యాసంలో తీగే ముఖ్యపాత్ర. దాని రెండు కొనలూ గేరుపెట్టె గోడలోంచి లోపలికి వెళ్లి రింగు గాడిలో కూర్చుంటాయి. ఒక కొన వంగితే రింగు ఓరగా జరిగి గోడకు పట్టేస్తుంది. తీగను తీసి అద్దం ముక్క మీద పెడితే వంకర ఇట్టే తెలుస్తుంది. వంగినదాన్ని పట్టకారుతో సరిచేస్తే కొన్నాళ్లకు మళ్లీ వంగుతుంది, కొత్తది వేయడమే మేలు.

కొన్ని డ్రిళ్లలో స్లైడర్‌కు అటొకటి ఇటొకటి చిన్న స్ప్రింగులుంటాయి. వీటిలో పళ్లు కలవకపోయినా బటన్ సులువుగా జరుగుతుంది, స్ప్రింగు రింగును నొక్కిపెట్టి ఉంచుతుంది, ట్రిగ్గర్ నొక్కగానే క్లిక్‌మని పడుతుంది. కాబట్టి స్ప్రింగులున్న డ్రిల్‌లో బటన్ బిగుసుకుంటే పళ్ల మీద నేరం మోపొద్దు. పొడి, స్లైడర్, తీగ, చిప్పల బిగింపు, ఈ నాలుగే చూడాలి. చిప్పల సంగతి తేల్చడం చాలా తేలిక: చిప్ప తీసి ఉన్నప్పుడు తీగను వేలితో జరిపితే సులువుగా కదిలి, మూసి బిగించాక గట్టిపడితే స్లైడర్ చిప్పల మధ్య నలుగుతోందని అర్థం. స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగించకుండా, అన్నీ సగం బిగించి, బటన్ జరిపి చూసుకుంటూ మిగతా సగం బిగించాలి. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూ కాబట్టి ఆగిన చోట ఆపేయాలి.

మోటారును గేరుపెట్టె నుంచి లాగొద్దని పెద్ద అక్షరాల్లో రాయి. లాగితే మొదటి వరుస చిన్న గేర్లు గ్రీజుతో సహా జారిపడతాయి. ముందు వైపు క్లచ్ విప్పితే ఉక్కు గుండ్లు దొర్లుతాయి. విప్పక తప్పనివాళ్లు గుండ్లను లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి.

"కొద్దిగా గ్రీజు" అంటే ఎంత? ఒకరికి అగ్గిపుల్ల మొన, ఇంకొకరికి డబ్బాలో సగం. పళ్ల మధ్య పల్లాలు నిండేంత, రింగు బయటి అంచు మీద పలచని పొర, మొత్తం కలిపి ఒక టీస్పూన్ దాటదు. గేరుపెట్టెను కుక్కితే గ్రీజు వేడికి మోటారు వైపు కారుతుంది, గేరు ఇంకా బరువవుతుంది. రకం కూడా చెప్పు: లిథియం గ్రీజు, డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ 2 (గ్రీజు చిక్కదనం గ్రేడు) అని ఉన్నది. బండి చక్రాల బేరింగులకు వాడే 3వ గ్రేడు దీనికి చిక్కన. పాత గ్రీజును గుడ్డతో, పుల్లతో తుడవాలి. ఇనుప గేర్లను విడిగా కిరోసిన్‌లో కడిగి పూర్తిగా ఆరబెట్టొచ్చు. కొన్ని డ్రిళ్లలో మొదటి వరుస గేర్లు ప్లాస్టిక్‌వి, వాటిని తుడిస్తే చాలు.

మూశాక పరీక్ష ఎలా చేయాలో నీ వ్యాసంలో లేదు. బిట్ లేకుండా, ట్రిగ్గర్ మెల్లగా నొక్కి, రెండు గేర్లలో, రెండు దిక్కుల్లో తిప్పాలి. ఆపిన ప్రతిసారీ గేరు మార్చి చూడాలి. తర్వాత పనికిరాని చెక్కలో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, బటన్ పెట్టిన చోటే నిలిచిందో లేదో గమనించాలి.

పళ్లు అరిగిన డ్రిల్‌కు గ్రీజు మందు కాదని దాచకుండా రాయి. ఆ రింగు ఒక్కటీ విడిగా దొరకడం కష్టం. గేరుపెట్టె మొత్తంగా అమ్ముతారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లాంటి పనిముట్ల బజారుకు వెళ్లేవాళ్లు డ్రిల్ పేరు చెబితే చాలదు, లేబుల్ మీది మోడల్ నంబరు పూర్తిగా రాసుకుని వెళ్లాలి. ఒకే పేరుతో వచ్చిన రెండు డ్రిళ్లలో గేరుపెట్టెలు వేరుగా ఉండొచ్చు. దాని ధర బ్యాటరీ లేని కొత్త డ్రిల్ ధరలో సగం దాటితే కొత్తది కొనమనే నేను చెబుతాను.

ఇంకొక్క మాట. నువ్వు "గేర్ సెలెక్టర్ యంత్రాంగం" అని రాసిన చోట గేరు బటన్ అని రాయి, షాపులో అందరూ అనేది అదే. నీ చేతిలో విప్పిన మోడల్ ఏదో మొదట్లోనే చెప్పు, మిగతా మోడళ్లలో తీగ, స్లైడర్ అమరిక మారొచ్చని అక్కడే రాయి. తిరగరాసిన ప్రతిని, పక్కనుంచి తీసిన తీగ ఫోటోతో కలిపి పంపు. స్ప్రింగులున్న రకాన్ని విప్పావో, లేని రకాన్నో ఫోటో వెనక రాయడం మరచిపోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య