దర్భ, రెల్లు, శరం: ఏది ఏ గడ్డి?

సందేహం: పిల్లల కోసం రాసిన కథలో "వానలు వెనకబట్టాక ఏటి ఒడ్డున దర్భలు తెల్లగా పూశాయి" అన్నాను. చదివిన మిత్రుడు అవి దర్భలు కావు, రెల్లు అన్నాడు. నిఘంటువు తీస్తే కాశం అంటే రెల్లు, శరం అన్నా రెల్లే అని ఉంది. కుమారస్వామి పుట్టిన శరవణాన్ని కూడా రెల్లుపొద అనే అంటారు. ఇవన్నీ ఒకటేనా? ఇంకో చోట "రెల్లు చెట్లు" అని రాశాను. అలా అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరైనది. వానలు తగ్గాక ఏటి ఇసుకలో తెల్లటి కుచ్చుల్లా విరబూసేది రెల్లు. సంస్కృతంలో దాని పేరు కాశం. దర్భ వేరే గడ్డి, శరం ఇంకో గడ్డి. మూడింటికీ పేర్లు కలిసిపోవడానికి కారణాలున్నాయి కానీ, మూడూ ఒకటి కావు.

అమరకోశం వీటిని విడివిడిగానే చెప్పింది. కుశం, కుథం, దర్భ, పవిత్రం ఒక వరస. కాశం, ఇక్షుగంధ, పోటగలం ఇంకో వరస. గుంద్రం, తేజనకం, శరం మూడో వరస. వీటిలో ఇక్షుగంధ అన్న పేరు చూడండి. చెరకు వాసన కలది అని. రెల్లుకూ చెరకుకూ ఉన్న పోలికను ఆ కాలంవాళ్లు గుర్తించారు. వృక్షశాస్త్రంలో కూడా ఈ రెండూ ఒకే ప్రజాతి. చెరకు సాకారం అఫిసినారం అయితే, రెల్లు సాకారం స్పాంటేనియం.

ఈ బంధుత్వం ఎంత అక్కరకొచ్చిందో చెప్పకుండా ఉండలేను. లావుగా, తియ్యగా ఉండే పాత చెరకు రకాలు ఉత్తరాది చలికీ ఎద్దడికీ తట్టుకోలేకపోయేవి. 1912లో మొదలైన కోయంబత్తూరు చెరకు కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు ఆ చెరకును రెల్లుతో సంకరం చేశారు. అలా వచ్చిన 'కో 205' అనే చెరకు రకం 1918లో రైతుల చేతికి అందింది. రెల్లులో పీచు ఎక్కువ, తీపి తక్కువ. కానీ దానికున్న మొండితనం, గుబురుగా పిలకలు వేసే గుణం చెరకుకు దక్కాయి. ఇప్పుడు లోకంలో పండే చెరకు రకాల్లో దాదాపు అన్నింటిలోనూ రెల్లు వారసత్వం ఎంతో కొంత ఉంది. గడ్డే కదా అని తీసిపారేసే మొక్క కాదిది.

ఇక తేడా పట్టుకోవడం ఎలా? ముందు అది ఎక్కడ నిలబడి ఉందో చూడండి. రెల్లు ఏటి మొక్క. వరద తీశాక పైకి తేలిన ఇసుక మేటల మీద, లంకల అంచుల్లో, ఒండ్రు నేలల్లో అందరికంటే ముందు అదే దిగుతుంది. భూమిలో అడ్డంగా పాకే దుంపకాండాలతో ఇసుకను పట్టి ఉంచుతుంది. మళ్లీ నీరొచ్చినప్పుడు ఆ దుబ్బుల మధ్య మట్టి నిలుస్తుంది. అలా నేల గట్టిపడిన చోట కొన్నేళ్లకు పొదలు, చెట్లు లేస్తాయి. నేపాల్‌లోని చిత్వాన్‌లో రెల్లు మేటల మీద తర్వాత సిస్సూ, చండ్ర చెట్లు పెరగడం ఇలాగే. పెద్ద వరద వచ్చి అంతా కోసుకుపోతే కథ మళ్లీ రెల్లుతోనే మొదలు. అక్కడి ఒంటికొమ్ము ఖడ్గమృగానికి మేతా అదే, చాటూ అదే. ఈ గడ్డిని దాని సొంత తావు దాటించి పనామా తీసుకెళితే మాత్రం కాలువ పరీవాహకంలో పీకినా పోని కలుపై కూర్చుంది.

దర్భ అలా ఏటినే అంటిపెట్టుకుని ఉండదు. కుశదర్భ పొడి నేలల్లోనూ, చవుడు భూముల్లోనూ లోతుగా వేళ్లు దించి బతుకుతుంది. ఆకు అంచు, కొన అంత పదును కాబట్టే కుశాగ్రబుద్ధి అన్న మాట పుట్టింది. మనం దర్భ అనే పేరుతోనే పిలిచే ఇంకో గడ్డి ఉంది, ఇంపెరాటా. చిక్కంతా దీనితోనే. ఇది కూడా తెల్లగా, పట్టులా పూస్తుంది. మీరు పొరబడటానికి కారణం బహుశా ఇదే. దగ్గరికెళ్లి కంకి చూస్తే సందేహం ఉండదు. ఇంపెరాటా కంకి వత్తిలా గుండ్రంగా, ఒత్తుగా ఉంటుంది. రెల్లు కంకి చాలా పెద్దది, కొమ్మలు కొమ్మలుగా విడివడి వదులుగా ఊగుతుంది. ప్రతి చిన్న పువ్వు మొదట్లోనూ వెండి నూగు ఉంటుంది. ఎండాక కణుపు కణుపు దగ్గర తెగి గాలికి ఎగిరిపోతుంది. రెల్లు ఆకు కూడా వేరుగా ఉంటుంది. సన్నగా, పొడుగ్గా ఉండి, మొదలు దగ్గరికి వచ్చేసరికి పచ్చటి రేకు సన్నబడి తెల్లటి నడిమి ఈనె మాత్రమే మిగిలినట్టు కనిపిస్తుంది.

కాలం కూడా సాక్ష్యమే. కాళిదాసు ఋతుసంహారంలో శరత్తు కాశపూల వస్త్రం కట్టుకున్న కొత్త పెళ్లికూతురిలా వస్తుంది. మీ వాక్యంలోనూ వానలు వెనకబట్టాయి, ఏరు ఉంది, తెలుపు ఉంది. అన్నీ రెల్లువే, పేరొక్కటే దర్భది.

శరం సంగతి కొంచెం వేరు. అది రెల్లుకు దగ్గరి చుట్టమే. ఉత్తరాదిలో సర్పత్ అంటారు. శరపత్రం అన్న మాటే అలా మారింది. దాని పైపొరను ముంజ అంటారు. ప్రయాగలో బుట్టలు అల్లేవాళ్లు కాశను లోపల పేటగా పెట్టి, పైన ముంజ చుట్టుతారు. రెండూ చేతిలో ఉన్నవాళ్లు కాబట్టి రెండు పేర్లూ నిలుపుకున్నారు. తెలుగులో రెల్లు అనే ఒక్క మాటే రెండు పనులూ చేసింది. అందువల్ల శరవణభవుణ్ణి రెల్లుపొదలో పుట్టినవాడు అనడం తప్పు కాదు. వాడుకలో స్థిరపడిన మాట అది. వృక్షశాస్త్ర వ్యాసంలో మాత్రం శరాన్ని శరం అనే రాయండి. అన్నట్టు, కొందరు "శరవనం" అని రాస్తున్నారు. ణకారమే సరైనది. శర, ఇక్షు మొదలైన మాటల తర్వాత వనం వణం అవుతుందని పాణిని సూత్రమే ఉంది.

"రెల్లు చెట్లు" అనకండి. చెవికి అతకదు. రెల్లుదుబ్బు, రెల్లుపొద, రెల్లుగడ్డి, ఇవీ పలుకుబడి. "రెల్లులు" అని బహువచనం కూడా వద్దు, వరిలాగా రెల్లు ఏకవచనంలోనే ఒదుగుతుంది. పూతను రెల్లుపూలు అన్నా, రెల్లుకంకులు అన్నా ఇబ్బంది లేదు. మీ వాక్యాన్ని "వానలు వెనకబట్టాక ఏటి ఒడ్డున రెల్లు తెల్లగా పూసింది" అని మార్చుకోండి. క్రియ ఏకవచనంలోకి వచ్చింది, గమనించండి.