లైకా ఎం9పై ఇతర కంపెనీల లెన్సు: కోడ్ వేయాలా, మెనూలో ఎంచుకుంటే చాలా?

మీ లైకా ఎం9 కెమెరాకు ఫోగ్ట్‌లెండర్ 28 మి.మీ. స్క్రూ మౌంట్ (మర తిప్పి బిగించే) లెన్సును అడాప్టర్‌తో బిగించారనీ, కెమెరా దానిని గుర్తించడం లేదనీ, ఫొటో అంచున ఎర్రని ఛాయ వస్తోందనీ రాశారు. మౌంట్‌పై (లెన్సును కెమెరాకు తగిలించే అంచుపై) లెన్సు ఏదో కెమెరాకు చెప్పే చుక్కల కోడ్ వేయించాలా, లేక మెనూలో ఎంచుకుంటే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేను నల్లగొండలో ఉంటాను; ఇదే లెన్సును, అంటే ఎఫ్3.5 కలర్-స్కోపార్‌ను ఎం9పై చాలాకాలంగా వాడుతున్నాను. కోడ్ వేయడమే మేలు, అయితే దానిని లెన్సుపై కాకుండా అడాప్టర్‌పై వేయండి.

ఈ సిక్స్-బిట్ కోడింగ్‌ను లైకా 2006లో ఎం8తో ప్రవేశపెట్టింది. లెన్సు వెనుక లోహపు అంచుపై ఆరు చిన్న గుంటలుంటాయి. ఒక్కొక్క దానిలో నలుపో తెలుపో నింపుతారు, కెమెరా మౌంట్‌లోని సెన్సర్ పరారుణ కాంతితో వాటిని చదువుతుంది. మొత్తం 64 కలయికలు సాధ్యం. లెన్సులో ఏ గాజు ఉందో కెమెరాకు తెలిసే మార్గమేదీ లేదు కాబట్టి, ఆ చుక్కలు ఏ లైకా లెన్సును సూచిస్తే దాని సవరణనే అది చిత్రానికి వర్తింపజేస్తుంది. అందువల్ల కోడింగ్ అంటే, మన లెన్సుకు స్వభావంలో అతి దగ్గరి లైకా లెన్సు ఏదో తేల్చుకుని ఆ గుర్తు ఇవ్వడమే.

ఇక్కడ చాలామంది ఎఫ్ సంఖ్య (లెన్సు ఎంత వెలుతురును లోనికి రానిస్తుందో తెలిపేది) చూసి ఎంచుకుంటారు. నా అభిప్రాయంలో దానికి ప్రాధాన్యం తక్కువ. ఎం9 వంటి రేంజ్‌ఫైండర్ కెమెరాల వైడ్ లెన్సుల వెనుక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరగా ఉండడంతో మూలలకు చేరే కాంతి ఏటవాలుగా పడుతుంది. అక్కడ వెలుగు తగ్గి, రంగు మారుతుంది. ఆ వాలు ఎంత అన్నదే అసలు విషయం. మెనూలో లైకా సొంత 28 మి.మీ. లెన్సు ఎల్మారిట్ వేర్వేరు తరాలు కనిపిస్తాయి. ఒక్కొక్క దానిని పెట్టి, లెన్సు ముందు పాలరంగు యాక్రిలిక్ ముక్క ఆనించి, ఆకాశం వైపు ఎఫ్8 వద్ద తీసి పోల్చండి. ఏది పెట్టినప్పుడు ఫ్రేమంతా ఒకే బూడిదరంగుగా వస్తుందో అదే మీ కోడ్. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నల్లరాతి స్తంభాలను తీసినప్పుడు ఈ తేడా నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది: గుర్తింపును ఆపేసి తీసిన చిత్రంలో ఎడమ అంచునున్న స్తంభానికి జేగురు పూసినట్టుంది, సరైన ఎల్మారిట్‌ను ఎంచుకోగానే అదే స్తంభం రాతిరంగులో వచ్చింది. రాయి, సున్నం గోడ, మబ్బు పట్టిన ఆకాశం వంటి రంగులేని వస్తువులే ఈ లోపాన్ని పట్టిస్తాయి.

మెనూలో ఎంచుకోవడం వల్ల చిత్రానికి జరిగే మేలు కోడ్‌తో జరిగే మేలుతో సమానమే. ఒకే లెన్సు వాడేవారికి అది చాలు. ఇబ్బంది లెన్సు మార్చినప్పుడు వస్తుంది, ఎందుకంటే మనం చేత్తో పెట్టిన పేరు మనం మార్చేదాకా అలాగే ఉంటుంది. 28 పెట్టి ఉన్న కెమెరాకు 90 మి.మీ. లెన్సు తగిలిస్తే తప్పుడు సవరణ జరగడమే కాదు, ఆటో ఐఎస్ఓలో (కెమెరాయే సెన్సర్ సున్నితత్వాన్ని ఎంచుకునే పద్ధతిలో) కనిష్ఠ షట్టర్ వేగాన్ని లెన్సును బట్టి నిర్ణయించమని పెట్టి ఉంటే కెమెరా 1/30 సెకను దాకా దిగిపోయి చిత్రం కదిలిపోతుంది. జాతరలో, పెళ్లిలో చేతులు తీరిక లేకుండా ఉన్నప్పుడు మెనూ ఎవరికీ గుర్తుండదు.

అడాప్టర్ మందం 1 మి.మీ. ఉండాలి, ఎందుకంటే మౌంట్ నుంచి సెన్సర్ దాకా దూరం స్క్రూ మౌంట్‌కు 28.8 మి.మీ., లైకా ఎం మౌంట్‌కు 27.8 మి.మీ.; ఇందులో ఏ కొంచెం తేడా ఉన్నా ఫోకస్ తప్పుతుంది. వ్యూఫైండర్‌లో 28, 90 మి.మీ. లెన్సుల హద్దులు చూపే 28/90 ఫ్రేమ్ గీతలను తెచ్చే రకమే తీసుకోండి. కొన్ని కోడ్‌ల విషయంలో కెమెరా చుక్కలతో పాటు ఈ గీతలను మార్చే ఫ్రేమ్ లివర్ స్థానాన్ని కూడా చూస్తుంది. కోడ్ కోసం అంచున పల్లం తీసిన అడాప్టర్లు అమ్ముతున్నారు. రంగు ఆ పల్లంలో ఉంటే కెమెరా లోహానికి రాసుకోదు. చదునైన అంచుపై మార్కర్‌తో పెట్టిన చుక్కలు లెన్సు తిప్పి బిగించే కొద్దీ చెరిగిపోతాయి. నలుపు ఎంపికలో జాగ్రత్త అవసరం: కంటికి నల్లగా ఉన్న కొన్ని సిరాలు పరారుణ కాంతిని పీల్చుకోవు, కెమెరా వాటిని తెలుపుగానే చదువుతుంది. కార్బన్ కలిసిన నల్ల ఎనామెల్‌ను సన్నని కుంచె మొనతో పెట్టి, రాత్రంతా ఆరనిచ్చి, ఆ తరువాతే బిగించండి. గుంటల కోసం లెన్సును నేరుగా లేత్ మెషిన్ దుకాణానికి మాత్రం ఇవ్వకండి. మౌంట్ విప్పకుండా తొలిస్తే లోహపు పొడి గ్రీజులో చేరి ఫోకస్ రింగు పట్టేస్తుంది.

కోడ్ వల్ల ఫోకస్ లోపం సరికాదు, ఎపర్చర్ కూడా కచ్చితంగా నమోదు కాదు. ఎం9 తన ముందున్న వెలుతురు సెన్సర్‌తో ఎపర్చర్‌ను అంచనా మాత్రమే వేస్తుంది. ఎక్సిఫ్‌లో (ఫొటో ఫైలులో దాగి ఉండే వివరాలలో) కూడా ఫోగ్ట్‌లెండర్‌కు బదులు ఎల్మారిట్ పేరే ఉంటుంది. కావాలంటే ఎక్సిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో తరువాత మార్చుకోవచ్చు. సోనీ బాడీలకు సాధారణ అడాప్టర్‌తో బిగించినప్పుడు ఈ చుక్కలను చదివే ఏర్పాటే ఉండదు, అక్కడ స్టెడీషాట్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) కోసం ఫోకల్ లెంగ్త్‌ను చేత్తోనే ఇవ్వాలి. లైకా ఎస్ఎల్ కెమెరాకు వెళితే మాత్రం లైకా సొంత ఎం-ఎల్ అడాప్టర్ ఇవే చుక్కలను చదువుతుంది, కాబట్టి ఇప్పుడు వేసే కోడ్ అక్కడా పనికొస్తుంది.